ఎదురుగాలిలో తీరం వెంట చిన్న పడవ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు, జవాబులు 8 నుంచి 12 మీటర్ల పొడవుండి, లోపల చిన్న డీజిల్ ఇంజిన్ ఉన్న తెరచాప పడవల గురించి. మామూలుగా అందులో ఇద్దరు, మహా అయితే ముగ్గురు ఉంటారు. గాలివాటున తీరం వెంట హాయిగా దిగిపోయి, ఇప్పుడు అదే దారిలో వెనక్కి ఎలా రావాలా అని తలపట్టుకున్న వాళ్ళకి ఇవి పనికొస్తాయి.

తెరచాప పడవ అసలు గాలికి ఎదురుగా వెళ్తుందా?

నేరుగా వెళ్ళదు. గాలి వచ్చే దిక్కుకు ముక్కు తిప్పితే తెరచాపలు జెండాల్లా కొట్టుకుంటాయి, పడవ ఆగిపోతుంది. గాలికి కొంత కోణంలో మాత్రమే నడుస్తుంది. అందుకని కాసేపు కుడివైపు, కాసేపు ఎడమవైపు మలుపులు తిరుగుతూ పైకి ఎక్కాలి, ఘాట్ రోడ్డు మీద బస్సు కొండ ఎక్కినట్టు. ఆ మలుపు తిరగడాన్నే ట్యాక్ చేయడం అంటారు.

పందెం పడవలు గాలికి 40 డిగ్రీల లోపు కోణంలో కూడా పోగలవు. నీళ్ళు, డీజిల్, సామాన్లు, రబ్బరు పడవ, గొలుసు అన్నీ నింపుకున్న మన పడవ అలా పోలేదు. నీటి మీద అది గాలికి 45 డిగ్రీల్లో ఉన్నట్టు కనిపించినా, గాలి దాన్ని పక్కకు నెడుతూనే ఉంటుంది. అలలు కూడా తోడైతే అసలు కోణం 50, 55, ఒక్కోసారి 60 డిగ్రీల దాకా పోతుంది. మీ పడవ సంగతి తేల్చుకోవాలంటే దిక్సూచిని నమ్మకండి. రెండు వైపులా ఒక్కో అరగంట నడిపి, జీపీఎస్ తెర మీద పడిన గీతల మధ్య కోణం కొలవండి. అది 110 డిగ్రీలు వస్తే మీ కోణం 55 అన్నమాట. చాలామంది ఈ కొలత చూసి మొదటిసారి ఖంగు తింటారు.

అయితే 60 మైళ్ళు వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది?

60 నాటికల్ మైళ్ళ దూరంలో ఉన్న రేవు సరిగ్గా గాలి వచ్చే వైపే ఉందనుకుందాం. పడవ వేగం 5 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు). 45 డిగ్రీల కోణంలో పోగలిగితే తిరగాల్సిన దూరం 85 మైళ్ళు, అంటే 17 గంటలు. 55 డిగ్రీలైతే దాదాపు 105 మైళ్ళు, 21 గంటలు. 60 డిగ్రీలకు దిగజారితే దూరం సరిగ్గా రెట్టింపు, 24 గంటలు. ఎదురుగా ఒక నాట్ నీటి ప్రవాహం కూడా ఉంటే? ఆ చివరి లెక్కలో గాలివైపు మీరు సాధిస్తున్నది గంటకు రెండున్నర మైళ్ళే. అందులోంచి ఒక మైలు పోతే మిగిలేది ఒకటిన్నర. ఇక అది 40 గంటల ప్రయాణం.

ప్లాన్ వేసేటప్పుడు మ్యాప్ మీద దూరాన్ని 5తో భాగించేసి "పన్నెండు గంటల్లో చేరిపోతాం" అనుకోవడం వల్లే సగం ఇబ్బందులు వస్తాయి. మిగతా సగం ఆ పన్నెండు గంటల్ని నమ్మి ఎవరికో మాట ఇవ్వడం వల్ల.

వెళ్ళేటప్పుడు హాయిగా ఉన్న గాలే వచ్చేటప్పుడు ఎందుకంత భయంకరంగా ఉంటుంది?

గాలి మారదు, మీరు దాన్ని ఎదుర్కొనే దిశ మారుతుంది. 15 నాట్ల గాలిలో 5 నాట్ల వేగంతో గాలివాటున పోతుంటే డెక్ మీద తగిలేది 10 నాట్లు. టీషర్టుతో కూర్చోవచ్చు. అదే గాలిలో ఎదురుగా ఎక్కుతుంటే తగిలేది 19 నాట్ల దాకా ఉంటుంది. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి తెరచాప మీద, మనుషుల మీద పడే బలం మూడున్నర రెట్లు.

అలల సంగతీ అంతే. ఆరు సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే అలలు గాలివాటున పోతున్న పడవను సుమారు ఎనిమిది సెకన్లకు ఒకసారి మెల్లగా ఎత్తి దించుతాయి. ఎదురుగా పోతుంటే ఐదు సెకన్లకు ఒకటి గుద్దుతుంది. చిన్న పడవ ఒక అల దెబ్బ నుంచి తేరుకుని వేగం పుంజుకునే లోపే రెండోది వచ్చి పడుతుంది.

ఇలాంటి తీరాలకు ఉదాహరణలు చెప్తారా?

మెక్సికోలోని బాజా ద్వీపకల్పం దక్షిణ కొసన ఉన్న కాబో సాన్ లుకాస్ నుంచి అమెరికాలోని సాన్ డియాగోకు వెళ్ళే దారి అందరికంటే ముందు గుర్తొస్తుంది. సుమారు 750 నాటికల్ మైళ్ళు. పసిఫిక్ మీద అధిక పీడనం, లోపల ఎడారి మీద వేడికి ఏర్పడే అల్పపీడనం, ఈ రెండింటి మధ్య వాయవ్య గాలి తీరం వెంబడి వీస్తుంది. కాలిఫోర్నియా ప్రవాహం అనే సముద్ర ప్రవాహం కూడా దక్షిణానికే పోతుంది. నావికులు ఈ ప్రయాణాన్ని 'బాజా బ్యాష్' అంటారు. పేరులోనే ఉంది బాదుడు.

పోర్చుగల్ పశ్చిమ తీరంలో వేసవి అంతా ఉత్తరం నుంచి 'నొర్టాడా' వీస్తుంది. అక్కడ కూడా కారణం అలాంటిదే: అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గరి అధిక పీడనం, వేడెక్కిన స్పెయిన్ భూభాగం. మూడోది బహామాస్ నుంచి డొమినికన్ రిపబ్లిక్, ప్వెర్టో రికో మీదుగా వర్జిన్ దీవులకు తూర్పుగా వెళ్ళే దారి. తూర్పు వైపు నుంచి వీచే వ్యాపార పవనాలకు ఎదురీదాలి కాబట్టి దానికి 'ముళ్ళ బాట' అని పేరు.

రోజులో ఏ వేళకి బయలుదేరాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతాననుకుంటే ఇది చదవండి.

తీరం దగ్గర గాలికి రోజువారీ నడక ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి, పది పదకొండు గంటలకల్లా సముద్రపు గాలి మొదలవుతుంది. అది ఆ ప్రాంతపు అసలు గాలికి తోడై మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య ఉధృతంగా ఉంటుంది. సూర్యాస్తమయం తర్వాత నెమ్మదిస్తుంది. అర్ధరాత్రి దాటాక నేల చల్లబడి, భూమి వైపు నుంచి సన్నటి గాలి రావడం మొదలవుతుంది. తీరం వెనకాల కొండలుంటే చల్లగాలి వాలు మీదుగా సముద్రంలోకి జారి, పెద్ద గాలిని ఒడ్డు నుంచి కొన్ని మైళ్ళు అవతలికి నెట్టేస్తుంది. ముళ్ళ బాట మీద వెళ్ళేవాళ్ళు డొమినికన్ రిపబ్లిక్ ఉత్తర తీరాన్ని రాత్రుళ్ళు ఒడ్డుకు దగ్గరగా దాటడానికి కారణం ఇదే.

కాబట్టి తెల్లవారుజామున రెండు మూడు గంటలకు లంగరు ఎత్తి, మధ్యాహ్నం పన్నెండు లోపు తర్వాతి ఆశ్రయంలో లంగరు దించడం మంచి పద్ధతి. సాయంత్రం గాలి తగ్గగానే బయలుదేరాలనిపిస్తుంది, కానీ తొందరపడకండి. గాలి పడిపోయినా అది లేపిన అలలు చదునవడానికి ఇంకో మూడు నాలుగు గంటలు పడుతుంది. గాలి లేని, అలలు మిగిలిన ఆ మధ్యకాలం అన్నిటికంటే చికాకు. తెరచాపలు నిండవు, పడవ ఊగడం ఆగదు.

రాత్రి లేచి చూసినప్పుడు రేవులో ఏం గమనించాలి? పడవ లంగరు మీద ఏ దిక్కుకు తిరిగి ఉందో చూడండి. పగలంతా సముద్రపు గాలి వైపు మొహం పెట్టిన పడవ ఇప్పుడు ఒడ్డు వైపు తిరిగి ఉండి, లంగరు గొలుసు బిగుతుగా లాగకుండా నీళ్ళలోకి నిలువుగా వేలాడుతుంటే, భూమి గాలి వచ్చేసిందని అర్థం. నేల వాసన కూడా తెలుస్తుంది. టీ పెట్టుకోండి, ఇంజిన్ స్టార్ట్ చేయండి. అలా కాకుండా అర్ధరాత్రి కూడా మాస్ట్ (తెరచాపలు కట్టే నిలువు స్తంభం) తాళ్ళు ఈలలు వేస్తుంటే ఆ గాలి నేల వేడికి పుట్టింది కాదు, పెద్ద పీడన వ్యత్యాసం నుంచి వస్తోంది. అది తెల్లారినా తగ్గదు. మళ్ళీ పడుకోండి.

వాతావరణ సూచనలో ముఖ్యంగా ఏం చూడాలి?

ఫోన్‌లో రంగు రంగుల బాణాలు చూపించే యాప్‌లలో చాలా వాటి వెనుక ఉండేది అమెరికా వాతావరణ శాఖ నడిపే జీఎఫ్‌ఎస్ లాంటి ప్రపంచ మోడల్, అంటే భూగోళాన్ని గడులుగా విడగొట్టి వాతావరణం లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం. అందరికీ దొరికే దాని డేటాలో ఒక గడి సుమారు 28 కిలోమీటర్లు. అంత పెద్ద గడిలో ఒక కొండ కొమ్ము, దాని పక్కన సుడి తిరిగే గాలి కనిపించవు. విశాల సముద్రం మీద అది చెప్పే 15 నాట్లు నిజమే కావచ్చు, సముద్రంలోకి పొడుచుకొచ్చిన అగ్రం దగ్గర మాత్రం 25 ఉండొచ్చు. తీరానికి ప్రత్యేకంగా తయారుచేసిన చిన్న గడుల మోడల్ దొరికితే అది వాడండి, ఆ దేశపు వాతావరణ శాఖ తీరప్రాంత బులెటిన్ కూడా చదవండి.

అలల ఎత్తు ఒక్కటే చూసి మోసపోకండి. పన్నెండు సెకన్ల విరామంతో వచ్చే రెండు మీటర్ల అల మీద పడవ మెల్లగా ఎక్కి దిగుతుంది. ఐదు సెకన్ల విరామంతో వచ్చే రెండు మీటర్ల అల గోడలా నిలబడుతుంది. నా మటుకు నేను ముందు విరామం చూసి, తర్వాతే ఎత్తు చూస్తాను.

దక్షిణం నుంచి ఉత్తరానికి ఎక్కే తీరాల్లో, ఉత్తరార్ధగోళంలో, శీతల వాతావరణ రేఖ (ముందుకు తోసుకొచ్చే చల్లగాలి సరిహద్దు) దగ్గరపడేటప్పుడు కొన్ని గంటలు గాలి దక్షిణం నుంచి వీస్తుంది. అనుకూలమైన గాలి ఊరికే దొరుకుతుంది. అయితే రేఖ దాటగానే గాలి ఒక్కసారిగా వాయవ్యం నుంచి వీస్తూ ఊపందుకుంటుంది, కాబట్టి అది వచ్చేలోపు రేవులో ఉండాలి. ముళ్ళ బాట మీద కూడా చలికాలంలో ఇలాంటి రేఖలు వ్యాపార పవనాలను ఒకటి రెండు రోజులు ఆపుతాయి, జనం వాటి కోసమే కాచుకుని ఉంటారు.

అగ్రాలు దాటడం ఎందుకంత కష్టం?

సముద్రంలోకి పొడుచుకొచ్చిన భూమి దగ్గర గాలి ఇరుకైన దారిలో దూరినట్టై వేగం పెరుగుతుంది. నీటి ప్రవాహం కూడా అక్కడే బలంగా ఉంటుంది. పైగా కొండకు కొట్టుకుని వెనక్కి వచ్చే అలలు ముందుకొచ్చే అలలతో కలిసి గందరగోళం చేస్తాయి. బాజాలో కాబో ఫాల్సో, పుంటా యూహేనియా, కాలిఫోర్నియాలో పాయింట్ కన్సెప్షన్, పోర్చుగల్‌లో కాబో డా రోకా, కాబో రాసో, వీటికి ఉన్న పేరు ఊరికే రాలేదు. కాబో ఫాల్సో అయితే బయలుదేరిన మొదటి గంటల్లోనే ఎదురై చాలా పడవల్ని వెనక్కి పంపేస్తుంది.

కానీ ఎదురుగాలిలో ఎక్కేవాళ్ళకి భూగోళం ఒక మేలు చేసింది. గాలి ఉత్తరం నుంచి వస్తుంటే అగ్రానికి దక్షిణం వైపున గాలి చాటు ఉంటుంది, మీరు వచ్చేది కూడా ఆ వైపు నుంచే. అంటే కష్టమైన మలుపుకు ముందే విశ్రాంతి చోటు. పాయింట్ కన్సెప్షన్ పక్కనే ఉన్న కోహో లంగరు చోటు అలాంటిదే. అక్కడ ఆగి, తిని, నిద్రపోయి, తెల్లవారుజామున అగ్రం దాటండి. లంగరు గొలుసు కాస్త ఎక్కువే వదలండి, ఎందుకంటే ఆ చాటులో అలలు ఉండవు కానీ కొండ మీదుగా గాలి విసురుగా కిందికి దూకుతుంటుంది.

ఒడ్డుకు దగ్గరగా పోవాలా, దూరంగా పోవాలా?

పగలు దూరం, రాత్రి దగ్గర అనే మాట కొంతవరకు నిజం. భూమి గాలి అందేది ఒడ్డుకు దగ్గరగానే, ఎదురు ప్రవాహం బలహీనంగా ఉండేది కూడా ఎక్కువగా అక్కడే. కానీ రాత్రిపూట ఒడ్డు దగ్గర జాలర్ల వలలు, బోనులకు కట్టిన తాళ్ళు ఉంటాయి. ఒక్క తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే ప్రయాణం మొత్తం ఆగిపోతుంది. గాలి మిమ్మల్ని ఒడ్డు వైపు నెట్టే చోట ఇంజిన్ ఆగినా తేరుకోవడానికి కనీసం రెండు మూడు మైళ్ళ ఖాళీ ఉంచుకోండి.

గాలి సరిగ్గా తీరం వెంబడే కాకుండా కాస్త ఏటవాలుగా వీస్తుంటే, రెండు వైపుల్లో గమ్యానికి దగ్గరగా తీసుకెళ్ళే వైపే ముందు ఎక్కువసేపు పోవాలి. తర్వాత గాలి మారినా అప్పటికే సాధించిన దూరం చేతిలో ఉంటుంది. ఒకే వైపు మరీ దూరం పోకండి, గాలి మీకు వ్యతిరేకంగా తిరిగితే అంతా వృథా.

తీరాన్ని పూర్తిగా వదిలేసి సముద్రంలోకి పోయే పద్ధతి కూడా ఉంది. పదిహేనో శతాబ్దపు పోర్చుగీసు నావికులు ఆఫ్రికా తీరం నుంచి ఇంటికి రావడానికి అదే చేశారు. తీరం వెంట ఈశాన్య గాలితో తలపడకుండా అట్లాంటిక్ లోపలికి వెళ్ళి, అజోర్స్ దగ్గర పడమటి గాలులు అందుకుని వెనక్కి తిరిగారు. బాజా నుంచి వచ్చేవాళ్ళలో కొందరు ఈరోజుకీ వందల మైళ్ళు బయటికి వెళ్ళి అలాగే వస్తారు. రోజుల తరబడి సముద్రంలో ఉండటానికి పడవ, మనుషులు రెండూ సిద్ధంగా ఉంటేనే అది.

ఆటుపోట్ల మాటేమిటి?

ఆటుపోట్ల ప్రవాహం రెండు నాట్లు దాటే చోట వాటి పట్టిక చూడకుండా లంగరు ఎత్తకూడదు. చిక్కేమిటంటే, మిమ్మల్ని గాలివైపు మోసుకెళ్ళే ప్రవాహం గాలికి ఎదురుగా పారుతుంది, దానివల్ల అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. తేలిక గాలిలో ఆ ప్రవాహాన్ని పట్టుకోండి. గాలి 20 నాట్లు దాటితే మాత్రం ప్రవాహం నెమ్మదించే వేళ వెళ్ళడమే నయం.

ఇంజిన్ వేసుకోవడం పరువు తక్కువా?

కాదు. అలా అనేవాళ్ళలో చాలామంది గాలివాటునే తిరుగుతారు.

ఇంజిన్, తెరచాప కలిపి వాడటం ఈ పనికి మంచి మార్గం. పెద్ద తెరచాపను బిగించి, గాలికి 25, 30 డిగ్రీల కోణంలో తక్కువ ఆర్‌పీఎమ్‌తో పోతే పడవ ఊగడం తగ్గుతుంది, ఉత్త తెరచాపతో పోయే దారి కంటే దూరం బాగా కలిసొస్తుంది. అలల మీదికి నేరుగా ముక్కు పెట్టి పూర్తి బలంతో తోయడం మాత్రం దండగ. ప్రతి అలకూ పడవ నిలిచిపోతుంది, డీజిల్ మాత్రం తగలబడుతుంది. పడవ బాగా ఒరిగినప్పుడు ఇంజిన్‌కు ఆయిల్ అందకపోవచ్చు, ఎంత ఒరగవచ్చో మీ ఇంజిన్ పుస్తకంలో ఉంటుంది.

అసలు ప్రమాదం ట్యాంకు అడుగున ఉంది. ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి ప్రశాంతమైన నీళ్ళలో కదలదు. ఎదురు అలల్లో గంటల తరబడి కుదిపేసరికి పైకి లేచి ఫిల్టర్‌లో చేరుతుంది. ముందు ఆర్‌పీఎమ్ కాస్త తగ్గి మళ్ళీ పెరుగుతుంది, ఇంజిన్ శబ్దం నీరసంగా వినిపిస్తుంది. అప్పుడే ఫిల్టర్ గిన్నె చూడండి: డీజిల్ కింద నల్లటి నలుసులు, నీటి బుడగలు కనిపిస్తాయి. వెంటనే మారిస్తే పది నిమిషాల పని. ఇంజిన్ పూర్తిగా ఆగేదాకా చూస్తే, గొట్టాల్లో చేరిన గాలిని బయటికి తీసే పని కూడా నెత్తిన పడుతుంది, అదీ డీజిల్ వాసనలో తలకిందులుగా. బయలుదేరే ముందే ట్యాంకు కడిగించి, కనీసం అరడజను ఫిల్టర్లు దగ్గర పెట్టుకోండి. రేవులో కట్టేసి ఉన్నప్పుడే ఒకసారి మార్చడం ప్రాక్టీస్ చేయండి.

ఇంధనానికి పాత లెక్కే మేలు: మూడో వంతు వెళ్ళడానికి, మూడో వంతు వెనక్కి రావడానికి, మూడో వంతు అక్కరకు. బాజా దారిలో మాగ్డలేనా బే, టర్టిల్ బే లాంటి చోట్ల మధ్య చాలా దూరం ఉంటుంది.

తెరచాపలు ఎలా ఉండాలి?

చదునుగా. సాగిపోయి సంచిలా ఉబ్బిన పాత తెరచాప గాలివాటున ఎలాగోలా పనికొస్తుంది, ఎదురుగాలిలో పడవను ముందుకు కాకుండా పక్కకు తోస్తుంది. కొత్తది కొనే స్తోమత ఒక్కదానికే ఉంటే పడవ ముందు భాగంలో కట్టే తెరచాపకే ఖర్చు పెట్టండి. పెద్ద ముందు తెరచాపను సగం చుట్టి వాడితే దాని ఆకారం చెడిపోతుంది. చిన్నది, దళసరిది విడిగా, మాస్ట్ నుంచి ముందు డెక్‌కు దిగే లోపలి తీగ మీద కట్టగలిగితే తేడా మీకే తెలుస్తుంది.

పడవ 20 డిగ్రీలకు మించి ఒరుగుతుంటే తెరచాప తగ్గించండి. ఒరగడం చూడటానికి హుషారుగా ఉంటుంది కానీ కీల్ (పక్కకు జారకుండా పడవ అడుగున ఉండే బరువైన రెక్క) పట్టు తప్పి పడవ పక్కకు జారుతుంది. అలాగని అలల్లో మరీ తక్కువ తెరచాపతో పోతే, వాటిని చీల్చుకుపోయే బలం ఉండదు. గాలికి మరీ దగ్గరగా నొక్కిపెట్టకుండా కొన్ని డిగ్రీలు వదిలి వేగం నిలుపుకోవడం మంచిది.

బయలుదేరే ముందు పడవకు ఏం చేయాలి?

అడుగు భాగం గీకించండి. నత్తగుల్లలు పట్టిన పడవ గాలికి ఎక్కదు. ముందు భాగంలోని బరువులు మధ్యకు తేవాలి, ముఖ్యంగా అదనపు గొలుసు. లంగరును పిన్నుతో, తాడుతో కూడా కట్టండి. గొలుసు లోపలికి పోయే రంధ్రం మూసేయాలి, లేకపోతే తెల్లారేసరికి పరుపులు తడిసి ఉంటాయి. పైకప్పు తలుపుల రబ్బర్లు ఎక్కడ కారుతున్నాయో రేవులోనే పైపుతో నీళ్ళు కొట్టి చూడండి.

ఇద్దరమే ఉన్నాం. నిద్ర, వాంతుల సంగతేంటి?

మూడు గంటల చొప్పున వంతులు వేసుకోండి, మొదటి రాత్రి నుంచే ఖచ్చితంగా పాటించండి. చుక్కాని ఆటోపైలట్‌కో, గాలి ఆధారంగా నడిచే విండ్‌వేన్‌కో అప్పగించాలి. ఎదురుగాలిలో విండ్‌వేన్ చాలా బాగా పనిచేస్తుంది, కరెంటు అక్కర్లేదు. కాక్‌పిట్‌లో (చుక్కాని దగ్గర కూర్చునే చోట) ఒంటరిగా ఉన్నవాళ్ళు బెల్టుతో పడవకు కట్టుకుని ఉండాలి, రెండోవాళ్ళని లేపకుండా డెక్ మీదికి వెళ్ళకూడదు. ఈ ఒక్క నియమంలో మినహాయింపు లేదు.

వాంతుల మాత్ర బయలుదేరే ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. వాటిలో చాలావరకు మత్తు తెస్తాయి, కాబట్టి మీకు ఏది పడుతుందో డాక్టరును అడిగి, నేల మీద ఉన్నప్పుడే ఒకసారి వేసుకుని చూడండి. తిండి ముందే వండి పెట్టుకోండి. ఒరిగిన పడవలో కూరగాయలు తరుగుతూ కూర్చుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ తిప్పుతుంది.

ఎప్పుడు వెనక్కి తిరగాలి?

ఆరు గంటలు నడిచాక, గాలివైపు సాధించిన దూరాన్ని బట్టి చీకటి పడేలోపు చేరలేమని తేలితే తిరగండి. తిరిగిన క్షణం నుంచి గాలి మీ వెనకే ఉంటుంది, ఆరు గంటలు ఎక్కిన దూరం రెండు మూడు గంటల్లో దిగిపోతారు. టెన్షన్ కూడా అక్కడికక్కడే తగ్గుతుంది. 1788లో కెప్టెన్ బ్లై తన బౌంటీ నౌకతో కేప్ హార్న్ దగ్గర పడమటి గాలులతో వారాల తరబడి పోరాడి, చివరికి వెనుదిరిగి ఆఫ్రికా కొస మీదుగా తాహితీకి వెళ్ళాడు. ఎంతో దూరం చుట్టు, కానీ చేరాడు.

తెలియని రేవులోకి రాత్రిపూట అలసటతో ప్రవేశించడం కన్నా, తెలిసిన చాటుకు వెనక్కి పోవడం మంచిది. వెనక్కి పోవడమూ కుదరకపోతే తెరచాప తగ్గించి తీరానికి దూరంగా నిలబడి తెల్లారేదాకా ఆగండి.

ఇంత అవస్థ లేకుండా వేరే దారి లేదా?

ఉంది. కాలం మార్చుకోవచ్చు. పోర్చుగల్‌లో నడివేసవిలో కంటే వసంతంలోనో శరదృతువులోనో ఉత్తరానికి వెళ్ళడం తేలిక. బాజాలో ఇది అంత సులువు కాదు. తూర్పు పసిఫిక్ తుఫానుల కాలం మే 15న మొదలవుతుంది కాబట్టి చాలామంది వసంతంలోనే బయలుదేరతారు, వాయవ్య గాలి బలంగా ఉండేదీ అప్పుడే. జీతానికి పడవ తెచ్చిపెట్టే అనుభవజ్ఞులు ఉంటారు, వాళ్ళను పెట్టుకుంటే మీరు విమానంలో వచ్చేయొచ్చు. పడవ చిన్నదైతే, రోడ్డు ఉంటే ట్రక్కు మీద కూడా తేవచ్చు. ఖర్చు లెక్కేసేటప్పుడు చిరిగే తెరచాపలు, తగలబడే డీజిల్, నెలన్నర సెలవు కూడా మీరే నడిపి తెచ్చే ఖర్చులో కలపండి. ట్రక్కు ఎక్కించాలంటే మాస్ట్ దించాలి, దానికి క్రేన్ ఉన్న రేవును ముందే మాట్లాడుకోవాలి.